ఎర్ర పిల్లి... మేనమామ పోలిక!

గోడ మీద ఎర్ర పిల్లి కనపడితే దగ్గరికెళ్లి చూడక్కర్లేదు, మగదేనని పందెం కాయొచ్చు. అయిదుసార్లకు సుమారు నాలుగుసార్లు గెలుస్తారు. నల్ల పిల్లి మీద అదే పందెం కాస్తే గెలుపు సగానికి కాస్త పైన, అంతే. ఎర్ర పిల్లి మీద కాయదగ్గ పందెం ఇంకోటి కూడా ఉంది. దాని ఒంటి మీద ఎక్కడో ఒకచోట, కనీసం నుదుటి మీదైనా, చారలుంటాయి. ఇందులో ఓడిపోవడం చాలా కష్టం. చారల్లేని నల్ల పిల్లులు కోకొల్లలు. ఎర్ర పిల్లుల్లో మాత్రం పైకి ఎంత సాదాగా కనపడేదాన్నయినా ఎండలో నిలబెట్టి చూస్తే ముఖం మీదో, కాళ్ల మీదో, తోక మీదో గీతలు తేలతాయి.

ఈ రెండు పందేలూ నిజానికి వేర్వేరు. మొదటిది రంగు కథ, రెండోది గీతల కథ. ఒకే బొచ్చు మీద కలిసి కనిపిస్తాయి కాబట్టి రెండూ ఒకటేననుకుంటాం. రెంటినీ విడదీసి చూడటానికి శాస్త్రవేత్తలకు వందేళ్లకు పైనే పట్టింది. రంగు రహస్యం పూర్తిగా విడిపోయింది 2025లోనే.

తండ్రికి వాటా లేదు

నారింజ, పసుపు, రాగి, ఇటుక రంగు... ఛాయలు ఎన్నయినా మన ఊళ్లలో ‘ఎర్ర పిల్లి’ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. ఈ కథనంలోనూ అలాగే పిలుచుకుందాం.

పిల్లి బొచ్చుకు ఉన్న రంగులు రెండే. నలుపు, ముదురు గోధుమ ఛాయలనిచ్చే యూమెలనిన్ ఒకటి. పసుపు నుంచి ఎరుపు దాకా ఛాయలనిచ్చే ఫియోమెలనిన్ ఇంకోటి. మన తలవెంట్రుకల్లోనూ ఈ రెండే ఉంటాయి. తెలుపు అంటే రంగు లేకపోవడమే. బూడిదరంగు పిల్లి నలుపు పలచబడితే వచ్చింది. మీగడ రంగు పిల్లి ఎరుపు పలచబడితే వచ్చింది. పలచన చేసే జన్యువు వేరు, దాని గొడవ మనకిక్కడ అక్కర్లేదు.

నలుపు తయారు చేయాలా, ఎరుపు తయారు చేయాలా అని తేల్చే మీట పిల్లుల్లో ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. తిరకాసంతా అక్కడే. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే ఉంటుంది, అదీ తల్లి ఇచ్చిందే. తండ్రి ఇచ్చేది వై. దాని మీద ఈ మీట లేదు. కాబట్టి గండుపిల్లి ఎర్రగా ఉందంటే ఆ ఎరుపు నూటికి నూరుపాళ్లూ తల్లి సొత్తు. తండ్రి ఎర్రదైనా నల్లదైనా కొడుకు ఎరుపులో వాటా లేదు.

మగపిల్లాడు పుడితే మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందు వెతికేది మేనమామ పోలిక. మనుషుల విషయంలో అది చాలావరకు మురిపెం. పిల్లి రంగు దగ్గరకొచ్చేసరికి అక్షరాలా జన్యుశాస్త్రం. ఎర్ర గండుపిల్లికి ఎరుపునిచ్చిన ఎక్స్ తల్లిది. ఆ తల్లికి అది అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చి ఉంటే, అదే ఎక్స్ మేనమామకూ దక్కి ఉండొచ్చు. బాబాయి పోలిక వచ్చిందంటే మాత్రం అది కాకతాళీయమే.

ఆడపిల్లి సంగతి వేరు. దానికి రెండు ఎక్స్‌లు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నిండుగా ఎర్రగా పుట్టాలంటే రెండూ ఎరుపువే కావాలి. ఒక ఊళ్లో ప్రతి అయిదు ఎక్స్‌లలో ఒకటి ఎరుపుదనుకోండి. ఒక్క ఎక్స్ ఉన్న మగవాటిలో నూటికి ఇరవై ఎర్రగా ఉంటాయి. ఆడవాటిలో అయిదో వంతులో అయిదో వంతు, అంటే నూటికి నాలుగే. మొత్తం ఇరవై నాలుగు ఎర్ర పిల్లుల్లో ఇరవై మగవి. మొదటి పందెం వెనకున్న లెక్క ఇదే.

ఇంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లకు ఇందులోంచి కొన్ని సరదా విషయాలు తెలుస్తాయి. ఎర్ర ఆడపిల్లి ఉందంటే దాని తండ్రి ఎర్రదై తీరాలి. నల్ల తండ్రికీ ఎర్ర తల్లికీ పుట్టిన కొడుకులందరూ ఎరుపే. అదే తండ్రి ఎర్రదై తల్లి నల్లదైతే కొడుకులందరూ నలుపే. రెండు సందర్భాల్లోనూ కూతుళ్లు రెండు రంగులూ కలిసిన జోడురంగులవి. పిల్లి ఒకే ఈతలో ఇద్దరు ముగ్గురు తండ్రుల కూనల్ని కనగలదు. మగకూనల ఎరుపూ నలుపూ చూసి తండ్రెవరో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. దొరికితే ఆడకూనల దగ్గరే ఆచూకీ దొరుకుతుంది.

సగం వెలిగి సగం ఆరి

ఒక ఎక్స్ ఎరుపుదీ, ఒకటి నలుపుదీ అయిన ఆడపిల్లి ఏ రంగులో ఉండాలి? రెండూ కలిసి ఏదో మధ్యరంగు రావాలి కదా అనిపిస్తుంది. అలా రాదు. నలుపూ ఎరుపూ వేర్వేరు మచ్చలుగా, ఎక్కడికక్కడ విడివిడిగా కనిపిస్తాయి. దీన్ని తాబేటి చిప్ప రంగు అంటారు. దానికి తెలుపు కూడా తోడైతే మూడు రంగుల పిల్లి, ఇంగ్లిష్ వాడుకలో కాలికో.

ఎందుకలా అన్నదానికి మొదటి ఆధారం దొరికింది కూడా పిల్లిలోనే. 1949లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో ముర్రే బార్, ఆయన విద్యార్థి యూవర్ట్ బెర్‌ట్రామ్ పిల్లి నరాల కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు. ఆడపిల్లి కణాల్లో ఓ నల్లని చుక్క ఉంది. మగపిల్లి కణాల్లో లేదు. వాళ్లు వెతుకుతున్నది వేరు, దొరికింది వేరు. పన్నెండేళ్ల తర్వాత, 1961లో, ఇంగ్లండ్‌లో ఎలుకల బొచ్చు మీద పనిచేస్తున్న మేరీ లయాన్ అసలు మాట చెప్పింది: ఆడ క్షీరదాల ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి ముడుచుకుని నిద్రపోతుంది. ఆ నిద్రపోయేదే నల్ల చుక్క.

ఏ ఎక్స్ నిద్రపోవాలన్నది పిండం చిన్న కణాల ముద్దగా ఉన్నప్పుడే, లాటరీ తీసినట్టు తేలిపోతుంది. ఒక కణంలో ఒకసారి తేలాక దాని సంతతి అంతా అదే మాట మీద ఉంటుంది. ఎరుపు ఎక్స్ మేలుకున్న చోట ఎర్ర మచ్చ, నలుపు ఎక్స్ మేలుకున్న చోట నల్ల మచ్చ. మనుషుల్లో ఆడవాళ్లందరి ఒంట్లోనూ ఇదే జరుగుతోంది. పైకి కనపడదు, అంతే. మూడు రంగుల పిల్లి ఒంటి మీద మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు. ఒంటి మీద తెలుపు ఎక్కువున్నకొద్దీ మచ్చలు పెద్దవవుతాయి. రంగు కణాలు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కొక్కటీ ఎక్కువ మేర ఆక్రమిస్తుంది కాబట్టి.

జపాన్‌లో వాకయామా ప్రాంతపు కిషి రైల్వేస్టేషన్‌కు 2007లో స్టేషన్‌మాస్టర్‌గా నియమితురాలైన తామా అనే పిల్లి మూడు రంగులదే. 2015లో అది చనిపోయేదాకా దాన్ని చూడటానికి జనం రైలెక్కి వచ్చేవారు.

అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం చేసిన పని ఇంకా ఆసక్తికరం. రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి నుంచి తీసిన కణంతో అక్కడి శాస్త్రవేత్తలు ప్రపంచంలోనే తొలి క్లోన్ పిల్లిని పుట్టించారు. 2001 డిసెంబరు 22న పుట్టిన ఆ కూనకు ‘కాపీక్యాట్’ అనే అర్థం వచ్చేలా సీసీ అని పేరు పెట్టారు. తీరా చూస్తే దాని ఒంటి మీద ఎరుపు మచ్చుకైనా లేదు. తెలుపూ, గోధుమ చారలూ మాత్రమే. జన్యువులన్నీ అవే. కాకపోతే ఏ కణం నుంచి క్లోన్ చేశారో ఆ కణంలో ఎరుపు ఎక్స్ అప్పటికే నిద్రపోయి ఉంది. చచ్చిపోయిన పెంపుడు పిల్లిని డబ్బు పోసి మళ్లీ తెచ్చుకోవచ్చని ఆశపడేవాళ్లకు ఇంతకన్నా సూటి జవాబు ఇంకోటి ఉంటుందనుకోను. సీసీ మాత్రం హాయిగా పద్దెనిమిదేళ్లు బతికింది.

మూడు రంగుల మగపిల్లి ఉండదా అంటే, అరుదుగా ఉంటుంది. పిల్లికి మామూలుగా 38 క్రోమోజోములు. ఎప్పుడో ఒకటి అదనంగా చేరి, రెండు ఎక్స్‌లూ ఒక వైతో 39 అయితే అలాంటిది పుడుతుంది. చాలావరకు వాటికి సంతానం కలగదు.

డీఎన్ఏలో ఊడిన ముక్క

ఈ రంగు ఆడా మగా తేడాతో ముడిపడి ఉందని పిల్లులు పెంచేవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. దాన్ని శాస్త్రం భాషలోకి తెచ్చింది ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో. అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ 1912లో, ఇంగ్లండ్‌లో లెనార్డ్ డాంకాస్టర్ 1913లో ఈ వారసత్వం మీద పత్రాలు వేశారు. డాంకాస్టర్ పత్రం వచ్చింది ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లో. ఆ పత్రిక తర్వాతి ప్రయాణం మన దాకా వచ్చింది. దానికి సంపాదకుడిగా ఉన్న జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశాడు, వస్తూ వస్తూ పత్రికనూ వెంట తెచ్చాడు. ఇప్పుడది బెంగళూరులోని ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ చేతిలో ఉంది. లండన్ పిల్లుల్లో ఏ రంగు జన్యువు ఎంత ఉందో ఎ.జి. సర్ల్ లెక్కగట్టి 1949లో ప్రచురించింది అందులోనే. పదేళ్ల తర్వాత సింగపూర్ పిల్లుల మీద ఆయన చేసిన లెక్క కూడా అందులోనే వచ్చింది.

కలకత్తాలో హాల్డేన్ దగ్గర చేరిన తొలి శిష్యుల్లో మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నాడు. ఆంధ్ర ప్రాంతపు మేనరికాల మీదా, తండ్రి నుంచి కొడుక్కి వస్తాయనుకున్న చెవుల మీది వెంట్రుకల మీదా తొలి పరిశోధనలు చేశాడు. వాటి కోసం ఊరూరా కుటుంబాల వంశవృక్షాలు రాసుకున్నాడు. ఎక్స్ దారినీ వై దారినీ తెలుసుకోవాలంటే లండన్‌లో పిల్లులూ, గోదావరి జిల్లాలో బాబాయిల చెవులూ రెండూ పనికొచ్చాయన్నమాట.

మీట ఎక్స్ మీద ఉందని 1912లోనే తెలిసినా, ఎక్స్ మీద ఎక్కడుందో మాత్రం చిక్కలేదు. మనుషుల్లో ఎర్రజుట్టుకూ, గుర్రాల్లో ఎరుపుకూ, గోల్డెన్ రిట్రీవర్ కుక్కల బంగారు రంగుకూ కారణం ఎంసీ1ఆర్ అనే జన్యువు. పిల్లుల్లోనూ ఎంసీ1ఆర్ ఉంది, అయితే అది ఎక్స్ మీద లేదు. అంటే ఎర్ర పిల్లి దారి వేరు.

ఆ దారిని రెండు బృందాలు వేర్వేరుగా, ఇంచుమించు ఒకే సమయంలో పట్టుకున్నాయి. ఒకటి జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయంలో హిరోయుకి ససాకి బృందం. ఈయన జీవితమంతా జన్యువుల్ని మేలుకొలిపే, నిద్రపుచ్చే ప్రక్రియల మీదే పనిచేశాడు. పిల్లులంటే ప్రాణం. ఈ పరిశోధనకు కావలసిన డబ్బును పిల్లి ప్రేమికుల దగ్గర చందాలుగా పోగుచేశాడు. ముందు 18 పిల్లుల డీఎన్ఏ చదివారు, పదింటికి ఎరుపు ఉంది, ఎనిమిదింటికి లేదు. రెండోది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగ్ బార్ష్, క్రిస్టఫర్ కేలిన్ బృందం. వీళ్లు పిల్లుల పోటీల దగ్గర మకాం వేసి నమూనాలు సేకరించారు. ఎర్ర మగపిల్లులన్నిట్లో ఉమ్మడిగా ఉన్న 51 తేడాలను ముందు పట్టుకున్నారు. వాటిలో 48 ఎరుపు లేని పిల్లుల్లోనూ కనపడటంతో పక్కకి తీసేశారు. మిగిలిన మూడింటిలో ఒకటి అసలు దొంగ. రెండు పత్రాలూ 2025 మేలో ‘కరెంట్ బయాలజీ’లో వచ్చాయి.

దొంగ అంటున్నాం గానీ, అక్కడ కొత్తగా చేరిందేమీ లేదు. ఉన్నదే కొంత పోయింది. ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువులో, ప్రొటీన్ రాత లేని చోట, 5,076 అక్షరాల డీఎన్ఏ ముక్క ఊడిపోయింది. దాంతో రంగు కణాల్లో మామూలుగా నోరు మెదపకూడని ఆ జన్యువు గట్టిగా పనిచేయడం మొదలెట్టింది. ఎంసీ1ఆర్ నుంచి వచ్చే ‘నలుపు తయారు చెయ్’ అన్న ఆజ్ఞను కణం లోపల మధ్యదారిలోనే ఆపేస్తుంది. ఆజ్ఞ అందకపోతే కణం చేసేది ఎరుపే. ఇప్పటిదాకా చూసిన ఎర్ర పిల్లులన్నిట్లోనూ ఊడింది అదే ముక్క. చైనాలో పన్నెండో శతాబ్దపు చిత్రాల్లోనే మూడు రంగుల పిల్లులున్నాయి కాబట్టి ఆ ముక్క ఊడి చాలా కాలమే అయింది.

పుట్టకముందే గీసిన చారలు

ఇక రెండో పందెం. ఇంటి పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లికి సన్నని చారలుంటాయి. ఇంటి పిల్లులన్నీ లోలోపల చారల పిల్లులే. నల్ల పిల్లిలో చారలు పోలేదు, కప్పబడిపోయాయి. అగౌటి అనే జన్యువు పనిచేస్తే ఒక్కో వెంట్రుక మీద పసుపూ నలుపూ పట్టీలు వరసగా పడతాయి, చారల మధ్య నేల రంగు లేతగా తేలుతుంది. అగౌటి చెడిపోతే వెంట్రుకలన్నీ నలుపే, చారల మధ్య ఖాళీ కూడా నలుపే. అప్పుడు పిల్లి మొత్తం నల్లబారుతుంది. అందుకే నల్ల పిల్లిని మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే ఒక్కోసారి పక్కల మీద చారల నీడలు కనిపిస్తాయి.

ఎర్ర పిల్లి దగ్గర ఈ కప్పడం కుదరదు. నలుపే లేనప్పుడు నలుపుతో ఏం కప్పుతారు? అగౌటి బాగున్నా, చెడినా గీతలు బయటే ఉంటాయి. చారల్లేని నున్నటి ఎర్ర పిల్లి కావాలని పెంపకందార్లు తరాల తరబడి ఎంచి ఎంచి జతకట్టించినా, గీతల్ని మసకబార్చగలిగారే తప్ప చెరపలేకపోయారు.

గీతల్లోనూ రకాలున్నాయి. వెన్ను నుంచి పొట్ట వైపు దిగే సన్నని నిలువు చారలు అడవిపిల్లి నుంచి వచ్చిన పాత పద్ధతి. పక్కల మీద సుడులు తిరిగే వెడల్పు మరకలు కొత్త పద్ధతి. చారలు తెగి చుక్కలైనవి కొన్ని. ఒళ్లంతా మిరియాలపొడి చల్లినట్టు ఉండి, ముఖం మీదా కాళ్ల మీదా మాత్రమే గీతలు మిగిలినవి కొన్ని. నుదుటి మీద ఇంగ్లిష్ ‘ఎమ్’ అక్షరం మాత్రం అందరిదీ. ఎర్ర పిల్లులకు వయసు పెరిగేకొద్దీ ముక్కు మీదా పెదాల మీదా నల్ల చుక్కలు పడుతుంటాయి. అవి ఈ రంగుతో వచ్చేవే, వాటంతటవి ప్రమాదం కాదు. చుక్క ఉబ్బినా పుండు పడినా డాక్టరుకు చూపించాలి.

ఈ బొమ్మలు ఎప్పుడు గీస్తారన్నదానికి జవాబు పిండంలో దొరికింది. కేలిన్, బార్ష్ బృందమే 2021లో దీన్ని చూపించింది. అమెరికాలో ఊరపిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే క్లినిక్కుల్లో పారేసే కణజాలాన్ని తెచ్చుకుని పరిశీలించారు. సుమారు నెల వయసు పిండంలో, ఇంకా ఒక్క వెంట్రుకా మొలవకముందే, రంగు జాడ కూడా లేకముందే, చర్మం కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల పలచగా ఉంది. చారల పటం అప్పటికే సిద్ధం. ఆ చోట్లలో డీకేకే4 అనే జన్యువు పనిచేస్తోంది. రెండు రసాయనాలు, ఒకటి పురిగొల్పేదీ ఇంకోటి అడ్డుకునేదీ, వేర్వేరు వేగాలతో పాకితే వాటంతటవే చారలూ చుక్కలూ ఏర్పడతాయని అలన్ ట్యూరింగ్ 1952లోనే గణితంతో చెప్పాడు. కంప్యూటర్ల పితామహుడిగా మనకు తెలిసిన ట్యూరింగే. డీకేకే4 ఆ అడ్డుకునే పాత్రకు చక్కగా సరిపోయింది.

నిలువు చారలా, సుడుల మరకలా అన్నది తేల్చేది టాక్‌పెప్ అనే మరో జన్యువు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన దాని రెండు ప్రతులూ చెడితే చారలు కలిసిపోయి మరకలవుతాయి. రెండు వందలకు పైగా పురాతన పిల్లుల అవశేషాల డీఎన్ఏ చదివి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ మరకల జన్యువు తొలి జాడ పద్నాలుగో శతాబ్దపు ఒట్టోమాన్ టర్కీలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దానికి గానీ జనంలో బాగా పాకలేదు. అంటే వేల ఏళ్లు మనిషి పక్కన తిరిగినా పిల్లి ఎక్కువ కాలం అడవి చొక్కాతోనే గడిపిందన్నమాట.

టాక్‌పెప్ ఇంటి పిల్లుల దగ్గర ఆగలేదు. ఆఫ్రికాలో చుక్కలు కలిసిపోయి పట్టీలైన చీతాను ఒకప్పుడు వేరే జాతి అనుకుని ‘కింగ్ చీతా’ అన్నారు. 2012లో దాని గుట్టూ ఇదే జన్యువని తేలింది. ఇంకా దగ్గరికొస్తే, మన శ్రీకాకుళం దాటి ఒడిశాలోకి వెళ్తే సిమిలిపాల్ అడవిలో ‘నల్ల పులులు’ ఉన్నాయి. నిజానికి అవి నల్లవి కావు. చారలు వెడల్పయి ఒకదానిలోకొకటి పాకడంతో పసుపు కనపడకుండా పోయింది. బెంగళూరులోని పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో కారణం కనిపెట్టింది. మళ్లీ టాక్‌పెప్పే. సిమిలిపాల్ పులుల్లో మూడో వంతుకు పైగా ఇలాంటివే. పర్యాటక ప్రకటనల్లో దీన్ని వింతగా చూపిస్తారు గానీ, మురిసిపోవాల్సిన విషయం కాదిది. మిగతా అడవులతో రాకపోకలు తెగిన కొద్దిపాటి పులులు తమలో తాము జతకట్టడంతో ఒక అరుదైన జన్యువు ఇంతలా పేరుకుంది.

తిక్క ఎరుపుదా, మగతనానిదా?

ఇన్‌స్టా రీల్స్ చూసేవాళ్లకు ఎర్ర పిల్లుల పేరు తెలిసిందే. అల్లరివి, తిండిపోతులు, లోకంలోని ఎర్ర పిల్లులన్నిటికీ కలిపి మెదడు కణం ఒకటే ఉందని వేళాకోళం. 1978లో జిమ్ డేవిస్ గీసిన కార్టూన్ పిల్లి గార్‌ఫీల్డ్ ఆ ముద్రను ఇంకాస్త గట్టిపరిచింది. యజమానులనడిగితే ఎర్ర పిల్లులు స్నేహంగా ఉంటాయని చెప్పారని 2012లో అమెరికాలో ఒక సర్వే కూడా వచ్చింది. అది జనాభిప్రాయం మాత్రమే, పిల్లిని పరీక్షించి చెప్పింది కాదు.

ఏఆర్‌హెచ్‌జీఏపీ36 మెదడులోనూ, హార్మోన్ గ్రంథుల్లోనూ కూడా పనిచేస్తుంది. అందుకే ససాకికి ఒక కుతూహలం ఉంది, రంగుతో పాటు ఇంకేమైనా మారుతోందా అని. స్టాన్‌ఫర్డ్ వాళ్లు వెతికి చూస్తే ఊడిన ముక్క ప్రభావం రంగు కణాల్లోనే కనిపించింది, వాళ్లు చూసిన మిగతా చోట్ల తేడా లేదు. ఫ్రాన్స్‌లో 1995లో జరిగిన ఓ అధ్యయనం మాత్రం కిక్కిరిసిన పట్టణాలకన్నా పల్లెల్లో ఎర్ర పిల్లులు ఎక్కువనీ, ఎర్ర మగపిల్లులు మిగతా మగవాటికన్నా బరువనీ, ఎర్ర ఆడపిల్లులు తేలికనీ గమనించింది.

నాకైతే ఈ పేరులో సగం మొదటి పందెంలోనే ఉందనిపిస్తుంది. అయిదు ఎర్ర పిల్లుల్లో నాలుగు గండుపిల్లులైనప్పుడు, ‘ఎర్ర పిల్లి స్వభావం’ అని మనం చెప్పుకునేదాంట్లో చాలావరకు గండుపిల్లి స్వభావమే. మిగిలింది పెంపకం. తెనాలి రామకృష్ణుడి కథలో పాలగిన్నె చూసి పారిపోయిన పిల్లిని అలా తయారుచేసింది మరిగిన పాలు. దాని రంగేమిటో కథ చెప్పనే లేదు.

నిజంగా తేల్చాలంటే దారి లేకపోలేదు. ఎర్ర మగపిల్లిని లోకంలోని పిల్లులన్నిటితో కాకుండా, దానితోపాటే పుట్టి, అదే ఇంట్లో, అదే గిన్నెలో తిని పెరిగిన నల్ల సోదరుడితో పోల్చాలి. తల్లి మూడు రంగులదైతే కొడుకుల్లో సగం ఎరుపూ సగం నలుపూ పుట్టే అవకాశం ఉంది, తండ్రి ఎవరన్న ప్రశ్నతో పని లేదు. అలాంటి తల్లి మీ మేడ మీద వాటర్ ట్యాంకు కింద ఈ పాటికే ఈని ఉండొచ్చు.